కొవ్వు కణంలో ఒక జన్యువు పనిని ఎలుకల్లో ఎలా తేల్చాలి

మీరు ఒక జన్యువు మీద కన్నేశారు. కొవ్వు కణాల్లో అది చురుగ్గా ఉందని ఆర్‌ఎన్‌ఏ లెక్కలు చెబుతున్నాయి. ఊబకాయం వచ్చినప్పుడు దాని మోతాదు మారుతోంది కూడా. మరి ఆ మార్పు ఊబకాయానికి కారణమా, ఊబకాయం వల్ల వచ్చినదా? ఆ జన్యువును కొవ్వులో మాత్రమే తీసేసి చూస్తే తప్ప గట్టి జవాబు దొరకదు. ల్యాబ్‌లో డిష్‌లో పెంచిన కొవ్వు కణాలు కొంత చెబుతాయి. కానీ అక్కడ ఆకలి ఉండదు, చలి ఉండదు, కాలేయానికి కబురు మోసే రక్తమూ ఉండదు. కాబట్టి చిట్టెలుక దగ్గరికి రావాల్సిందే.

మొదలుపెట్టే ముందు ఒక ఉదాహరణ మనసులో పెట్టుకోండి. 2002లో అమెరికాలో రోనాల్డ్ కాన్ బృందం ఎలుకల కొవ్వులో ఇన్సులిన్ రిసెప్టార్‌ను, అంటే ఇన్సులిన్ సంకేతాన్ని అందుకునే ప్రొటీన్‌ను, తీసేసింది. ఆ ఎలుకలు సన్నగా ఉన్నాయి, ఊబకాయం రాలేదు. మరుసటి ఏడాది వెలువడిన ఫలితాల్లో వాటి సగటు ఆయుష్షు సుమారు 18 శాతం పెరిగినట్టు తేలింది. 2016లో అదే బృందమూ, విడిగా మరో బృందమూ అదే రిసెప్టార్‌ను కొవ్వు కణాలకు ఇంకా కచ్చితంగా పరిమితమయ్యే పద్ధతిలో తీసేశాయి. ఈసారి ఎలుకల్లో కొవ్వు బాగా కరిగిపోయింది, కాలేయం కొవ్వుతో నిండింది, ఇన్సులిన్ పనిచేయడం దాదాపు మానేసింది. జన్యువు ఒకటే, ఫలితాలు మాత్రం ఎదురెదురు. ప్రధానంగా మారింది జన్యువును కత్తిరించడానికి వాడిన క్రీ ఎలుక, అంటే క్రీ అనే డీఎన్‌ఏను కత్తిరించే ఎంజైమ్ ఉన్న ఎలుక. రాప్టర్ అనే ప్రొటీన్ విషయంలోనూ ఇలాగే జరిగింది: 2008 నాటి ఎలుకలు సన్నగా, ఆరోగ్యంగా కనిపించాయి, 2016 నాటి ఎలుకలు కొవ్వు కోల్పోయి జబ్బుపడ్డాయి.

కాబట్టి ఈ పని మొత్తానికీ నేను పట్టుకునే నియమం ఒక్కటే. జన్యువు ఏ కణంలో, ఎప్పుడు, ఎంతమేర పోయిందో రుజువు చేసుకోకుండా ఎలుక బరువును నమ్మవద్దు. కింద చెప్పే మెట్లన్నీ ఆ రుజువు కోసమే.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

"కొవ్వులో ఈ జన్యువు ఏం చేస్తుంది" అన్నది ప్రశ్న కాదు. ఏ కొవ్వు? ఎలుకలో చర్మం కింద, తొడ మొదట్లో ఉండే ఇంగ్వైనల్ కొవ్వు ఒకటి. కడుపులో జననాంగాల పక్కన ఉండే గొనాడల్ కొవ్వు ఇంకొకటి. ఇవి రెండూ శక్తిని దాచుకునే తెల్ల కొవ్వు. భుజాల మధ్య వీపు మీద ఉండేది గోధుమ కొవ్వు. అది యూసీపీ1 అనే ప్రొటీన్‌తో కొవ్వును కాల్చి వేడి పుట్టిస్తుంది. చలిలో తెల్ల కొవ్వు మధ్యలోనే, ముఖ్యంగా ఇంగ్వైనల్ భాగంలో, యూసీపీ1 ఉన్న బీజ్ కణాలు కూడా మొలుస్తాయి.

తర్వాత, ఏ దశ? కొవ్వు కణం పుట్టడానికి ఆ జన్యువు కావాలా, పుట్టాక పనిచేయడానికి కావాలా? ఈ రెండింటికీ వేర్వేరు ఎలుకలు కావాలి. "పెద్దయిన ఎలుకలో, ముదిరిన తెల్ల కొవ్వు కణాల్లో ఈ జన్యువు పోతే కొవ్వు కరిగే వేగం తగ్గుతుందా" అని రాశారనుకోండి. ఆ వాక్యమే మీకు ఏ క్రీ కావాలో, ఏ వయసులో ప్రేరేపించాలో, చివర్లో ఏం కొలవాలో చెప్పేస్తుంది.

ఈ దశలోనే జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీకీ, బయోసేఫ్టీ కమిటీకీ దరఖాస్తు పెట్టండి. ఎన్ని ఎలుకలు కావాలి, ఎందుకు కావాలి, ఏ స్థితికి చేరితే ప్రయోగం ఆపి ఎలుకకు బాధ లేకుండా ముగిస్తారు అన్నవి ముందే రాయాలి. ఎలుకలకు బదులు మరో దారి ఉందా, సంఖ్య తగ్గించవచ్చా, బాధ తగ్గించవచ్చా అనే మూడు ప్రశ్నలు 1959లో రస్సెల్, బర్చ్ వేసినవి. ఇవి ఫారం నింపడానికి మాత్రమే కాదు. వాటికి నిజాయితీగా జవాబు రాస్తే మీ ప్రయోగం రూపురేఖలే మెరుగవుతాయి.

2. ఒళ్లంతా తీసేయాలా, కొవ్వులోనే తీసేయాలా

కొన్ని జన్యువులకు ఒళ్లంతా తీసేసినా సరిపోతుంది. లెప్టిన్ అనే హార్మోన్ జన్యువు అలాంటిది. ఆ హార్మోన్ ప్రధానంగా కొవ్వు కణాల్లోనే తయారవుతుంది. కాబట్టి అది లేని ఓబీ ఎలుక ఎందుకంత లావుగా ఉందో 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ జన్యువును పట్టుకోగానే అర్థమైంది.

చాలా జన్యువులు అలా కాదు. కొవ్వు కణం పుట్టుకకు మూలమైన పీపార్ గామాను ఒళ్లంతా తీసేస్తే మాయ సరిగ్గా ఏర్పడక పిండం సుమారు 10వ రోజుకే చనిపోతుంది. కొవ్వు గురించి తెలుసుకునే అవకాశమే ఉండదు. పిండం బతికినా, మెదడులో అదే జన్యువు పోయినందుకు ఎలుక ఎక్కువ తింటోందా, కొవ్వులో పోయినందుకు లావవుతోందా అన్నది తేల్చలేరు. ఇలాంటి చోట క్రీ-లాక్స్‌పీ పద్ధతి తప్పదు.

పద్ధతి సులువైనదే. లాక్స్‌పీ అనేది 34 అక్షరాల డీఎన్‌ఏ గుర్తు. మీ జన్యువులోని కీలకమైన ఎక్సాన్‌కు (ప్రొటీన్ కోడ్ ఉండే ముక్కకు) అటు ఒకటి, ఇటు ఒకటి ఒకే దిశలో పెడతారు. దాన్ని ఫ్లాక్స్ చేయడం అంటారు. క్రీ అనేది బ్యాక్టీరియాకు సోకే పీ1 వైరస్ నుంచి వచ్చిన ఎంజైమ్. అది రెండు లాక్స్‌పీల మధ్య ముక్కను కత్తిరించి తీసేస్తుంది. ఫ్లాక్స్ ఉన్నా క్రీ లేని కణంలో జన్యువు మామూలుగానే నడుస్తుంది. క్రీ ఎక్కడ తయారైతే అక్కడే కోత. అందుకే క్రీని నడిపే ప్రమోటర్‌దే, అంటే జన్యువు ఏ కణంలో నడవాలో నిర్ణయించే డీఎన్‌ఏ భాగానిదే, అసలు పెత్తనం.

3. ముందు వెతకండి, తర్వాత తయారు చేయండి

కొత్త ఫ్లాక్స్ ఎలుక చేయించాలంటే డబ్బు, సమయం రెండూ పోతాయి. చాలా జన్యువులకు అది ఇప్పటికే ఉంది. అంతర్జాతీయ మౌస్ ఫినోటైపింగ్ కన్సార్షియం వెబ్‌సైటులో మీ జన్యువు పేరు కొట్టండి. జాక్సన్ ల్యాబొరేటరీ, యూరప్‌లోని ఎమ్మా వంటి నిల్వ కేంద్రాల జాబితాలు కూడా చూడండి. బతికున్న ఎలుకలు లేకపోయినా గడ్డకట్టించిన వీర్యమో, పిండమూలకణాలో దొరకవచ్చు.

అక్కడ దొరికే వాటిలో "టీఎం1ఏ" అని రాసినవి ఎక్కువ. అది సిద్ధంగా ఉన్న ఫ్లాక్స్ కాదు. మధ్యలో ఒక క్యాసెట్ (అదనంగా చొప్పించిన డీఎన్‌ఏ ముక్క) ఉంటుంది, అది ఉన్నంత కాలం జన్యువు చాలావరకు మూసుకుపోయి ఉంటుంది. ముందు ఫ్లిప్ అనే ఎంజైమ్ ఉన్న ఎలుకతో జత కట్టించి క్యాసెట్‌ను తొలగిస్తే "టీఎం1సీ" వస్తుంది. అదే మీకు కావాల్సిన ఫ్లాక్స్. ఈ మెట్టు మరిచిపోయి టీఎం1ఏనే క్రీతో కలిపితే మీ కంట్రోల్ (పోలిక కోసం ఉంచిన) ఎలుకల్లో కూడా జన్యువు దెబ్బతిని ఉంటుంది, పోలికకు అర్థం ఉండదు.

4. ఫ్లాక్స్ మీరే చేయాల్సి వస్తే

ఏ ఎక్సాన్‌ను తీయాలన్నది జాగ్రత్తగా ఎంచుకోండి. ఆ జన్యువు నుంచి వచ్చే అన్ని ట్రాన్‌స్క్రిప్టుల్లోనూ (ఆర్‌ఎన్‌ఏ నకళ్లలోనూ) ఆ ఎక్సాన్ ఉండాలి. దాని పొడవు మూడుతో భాగించబడకూడదు. అప్పుడే అది పోగానే చదివే వరుస తప్పి, ముందుగానే ఆగమనే కోడాన్ వచ్చి, ప్రొటీన్ తయారీ దెబ్బతింటుంది. మూడుతో భాగించబడే ఎక్సాన్‌ను తీస్తే కాస్త పొట్టిదైన, సగం పనిచేసే ప్రొటీన్ మిగిలే ప్రమాదం ఉంది. లాక్స్‌పీలను ఎక్సాన్ల మధ్య ఉండే ఇంట్రాన్లలో, ఎక్సాన్లను అతికించే స్ప్లైసింగ్ గుర్తులకూ నియంత్రణ భాగాలకూ దూరంగా పెట్టండి.

డీఎన్‌ఏను కోరిన చోట కోసి మార్చే క్రిస్పర్‌తో ఇది వేగంగా జరుగుతుంది. అయితే రెండు చిన్న డీఎన్‌ఏ ముక్కలతో రెండు లాక్స్‌పీలను విడివిడిగా చొప్పించే పద్ధతిలో విజయం తక్కువ అని పలు ల్యాబ్‌లు కలిసి చేసిన పరిశీలనలో 2019లో తేలింది. ఎక్సాన్‌తో పాటు రెండు లాక్స్‌పీలూ ఉన్న ఒకే పొడవాటి ఒంటిపోగు డీఎన్‌ఏను ఇవ్వడం మేలు. పుట్టిన మొదటి తరం ఎలుకలు మొజాయిక్‌గా ఉంటాయి, అంటే వాటి కణాలన్నిటిలో ఒకే మార్పు ఉండదు. కాబట్టి వాటిని ప్రయోగానికి వాడవద్దు. మామూలు ఎలుకతో జత కట్టించి రెండో తరంలో వెతకండి. ఆ పిల్లల్లో రెండు లాక్స్‌పీలూ ఒకే క్రోమోజోమ్ మీద ఉన్నాయని పొడవాటి పీసీఆర్‌తో (డీఎన్‌ఏ ముక్కను అనేక కాపీలు చేసే పరీక్షతో), ఆ మొత్తం భాగాన్ని సీక్వెన్సింగ్‌తో నిర్ధారించుకోండి.

ఎలుక జాతి మాట కూడా ఇక్కడే. సీ57బీఎల్/6 అన్నంత మాత్రాన సరిపోదు. చివర జే ఉన్న ఉపజాతిలో మైటోకాండ్రియాలో పనిచేసే ఎన్‌ఎన్‌టీ అనే ప్రొటీన్ జన్యువు చెడిపోయి ఉంటుంది. చివర ఎన్ ఉన్నదానిలో అది బాగుంటుంది గానీ కంటికి సంబంధించిన ఒక లోపం ఉంటుంది. ఎన్‌ఎన్‌టీ తేడా గ్లూకోజ్ ఫలితాలను తాకవచ్చు. ఫ్లాక్స్ ఒక ఉపజాతిలో, క్రీ ఇంకో ఉపజాతిలో ఉంటే, ఏదో ఒకదాన్ని నిర్ణయించుకుని దానితోనే తరతరాలుగా కలుపుతూ రండి.

5. క్రీ ఎంపిక: ఇక్కడ తొందరపడవద్దు

మొదట చెప్పిన ఇన్సులిన్ రిసెప్టార్ కథలో అసలు సంగతి ఇక్కడ ఉంది. 2002 నాటి ప్రయోగంలో వాడింది ఏపీ2-క్రీ, అంటే ఏపీ2 అనే ప్రొటీన్ జన్యువు ప్రమోటర్‌తో నడిచే క్రీ. దీనికే ఎఫ్‌ఏబీపీ4-క్రీ అని ఇంకో పేరు. ఆ ప్రొటీన్ కొవ్వు కణాలకే పరిమితమని ఒకప్పుడు అనుకునేవారు. నిజానికి అది మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాల్లోనూ, రక్తనాళాల లోపలి పొర కణాల్లోనూ ఉంటుంది. ఈ క్రీ ఉన్న ఎలుకల్లో మెదడులో, పిండ దశలోనే ఇతర కణజాలాల్లో కోత పడిన దాఖలాలున్నాయి. పైగా కొవ్వు కణాల్లోనేమో కోత అసంపూర్తిగా ఉంటుంది. తీయాల్సిన చోట పూర్తిగా తీయకుండా, అక్కర్లేని చోట తీస్తుందన్నమాట. కొవ్వు గురించిన కొత్త ప్రయోగానికి దీన్ని ఎంచుకోవద్దని గట్టిగా చెబుతాను. దీనితో వచ్చిన పాత పేపర్లు చదివేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఎక్కువ మంది వాడేది అడిపోనెక్టిన్-క్రీ (అడిపోనెక్టిన్ కొవ్వు కణాలు తయారు చేసే హార్మోన్). ఎవాన్ రోసెన్ ల్యాబ్ నుంచి వచ్చిన లైన్ బాగా ప్రచారంలో ఉంది. ముదిరిన కొవ్వు కణాలన్నిటిలో, తెల్లవైనా గోధుమవైనా, ఇది బాగా కోస్తుంది. మాక్రోఫేజ్‌లను ముట్టుకోదు. దీనికీ రెండు పరిమితులున్నాయి. అడిపోనెక్టిన్ కొవ్వు కణం రూపుదిద్దుకునే చివరి దశలో మొదలవుతుంది కాబట్టి, కణం పుట్టుక తొలిదశలోని జన్యువులకు ఇది పనికిరాదు. రెండోది, ఎముక మజ్జలోని కొన్ని స్ట్రోమల్ (ఆధారమిచ్చే) కణాల్లో కూడా ఇది పనిచేస్తుంది. మీ ఎలుకల్లో ఎముక సాంద్రత మారితే వెంటనే "కొవ్వు నుంచి ఎముకకు సంకేతం" అని రాసేయవద్దు. మజ్జలోనే జన్యువు పోయి ఉండవచ్చు.

గోధుమ, బీజ్ కణాల కోసం యూసీపీ1-క్రీ వాడతారు. దీనితో చాలా జాగ్రత్త అవసరం. బాగా వాడుకలో ఉన్న లైన్‌లో క్రీతో పాటు పక్క జన్యువుల ముక్కలు కూడా చొరబడ్డాయి. రెండు కాపీలున్న ఎలుకల్లో మరణాలు ఎక్కువ, ఎదుగుదల లోపాలున్నాయి. ఒకే కాపీ ఉన్నవాటిలోనూ కొవ్వులో జన్యువుల తీరు మారుతుందని తేలింది. కాబట్టి ఎప్పుడూ ఒక్క కాపీతోనే పనిచేయండి, క్రీ మాత్రమే ఉన్న కంట్రోల్‌ను తప్పకుండా పెట్టండి.

కణం పుట్టుక గురించి అడిగేవారికి, కొవ్వు కణాలుగా మారబోయే పూర్వకణాల్లో పనిచేసే పీడీజీఎఫ్ఆర్ ఆల్ఫా-క్రీ వంటివి ఉన్నాయి. అవి కొవ్వు పూర్వకణాలతో ఆగవు, ఇతర అవయవాల కణాలనూ తాకుతాయి. ఎమ్‌వైఎఫ్5-క్రీ గోధుమ కొవ్వుతో పాటు అస్థి కండరాన్నీ కోస్తుంది, కొన్ని తెల్ల కొవ్వు కణాలనూ కోస్తుంది. పీఆర్‌ఎక్స్1-క్రీ చర్మం కింది కొవ్వును తాకి కడుపులోని కొవ్వును వదిలేస్తుంది, అయితే కాళ్ల ఎముకలనూ తాకుతుంది. మచ్చలేని క్రీ ఒక్కటీ లేదు. ఉన్న మచ్చ మీ ప్రశ్నకు అడ్డం వస్తుందా లేదా అన్నదే చూడాలి.

6. సమయాన్ని మీ చేతిలో పెట్టుకోవాలంటే

పుట్టుక నుంచే జన్యువు లేకపోతే శరీరం సర్దుకుపోతుంది, లేదా కొవ్వే సరిగ్గా ఏర్పడదు. పెద్దయ్యాక తీసేయాలంటే రెండు దారులున్నాయి.

ఒకటి క్రీ-ఈఆర్. ఇందులో టామాక్సిఫెన్ ఇచ్చినప్పుడే క్రీ కేంద్రకంలోకి వెళ్తుంది. మొక్కజొన్న నూనెలో కరిగించి, వరుసగా ఐదు రోజులు కడుపులోకి ఇంజెక్షన్ ఇవ్వడం సాధారణ పద్ధతి. కొవ్వు మీద పనిచేసేవారికి ఇక్కడ పెద్ద చిక్కు ఉంది. టామాక్సిఫెన్ తానే కొవ్వును కరిగిస్తుంది, బీజ్ లక్షణాలను రేపుతుంది, కొన్ని కొవ్వు కణాలను చంపి కొత్తవి పుట్టేలా చేస్తుంది. అందుచేత మోతాదును కోతకు సరిపడేంతకే పరిమితం చేయండి. కంట్రోల్ ఎలుకలకూ అదే మోతాదు, అదే రోజుల్లో ఇవ్వండి. చివరి మోతాదు తర్వాత కొన్ని వారాలు ఆగి కొలవండి. నూనె మాత్రమే ఇచ్చిన ఎలుకలు కంట్రోల్‌గా చెల్లవు. టామాక్సిఫెన్ తీసుకున్న, క్రీ లేని ఫ్లాక్స్ తోబుట్టువులే చెల్లుతాయి.

రెండోది డాక్సీసైక్లిన్‌తో నడిచే ఏర్పాటు. ఫిలిప్ షెరర్ ల్యాబ్ 2013లో చూపిన అడిపోచేజర్ ఎలుక దీనికి మంచి ఉదాహరణ. అడిపోనెక్టిన్ ప్రమోటర్ మీద ఒక స్విచ్, ఆ స్విచ్ కింద క్రీ, ఆ క్రీతో వెలిగే రంగు. డాక్సీసైక్లిన్ ఇచ్చిన రోజుల్లో ఉన్న కొవ్వు కణాలన్నిటికీ శాశ్వతంగా రంగు పడుతుంది, తర్వాత పుట్టినవి రంగు లేకుండా ఉంటాయి. పాత కణం ఏది, కొత్త కణం ఏది అన్నది కంటితో చూసి చెప్పవచ్చు. దీనిలో మూడు జన్యుభాగాలు ఒకే ఎలుకలో కలవాలి, మీ ఫ్లాక్స్‌తో కలిపితే ఇంకా ఎక్కువ. జతల లెక్క బరువెక్కుతుంది. డాక్సీసైక్లిన్ యాంటీబయాటిక్ కాబట్టి పేగుల్లోని సూక్ష్మజీవుల మీదా, మైటోకాండ్రియా మీదా ప్రభావం చూపుతుంది. దాన్నీ రెండు గుంపులకూ సమానంగా ఇవ్వాల్సిందే.

7. జతలు, కంట్రోళ్లు

మొదటి జతలో ఫ్లాక్స్ రెండు కాపీలున్న ఎలుకనూ, క్రీ ఉన్న ఎలుకనూ కలపండి. వచ్చిన పిల్లల్లో క్రీ, ఒక ఫ్లాక్స్ ఉన్నవాటిని మళ్లీ రెండు ఫ్లాక్స్‌లున్న ఎలుకతో కలపండి. ఈ జతలో నాలుగో వంతు పిల్లలు మీకు కావాల్సినవి. ఆ తర్వాత రెండు ఫ్లాక్స్‌లూ క్రీ ఉన్న ఎలుకను, రెండు ఫ్లాక్స్‌లుండి క్రీ లేని ఎలుకతో కలిపితే సగం పిల్లలు నాకౌట్ (కొవ్వులో జన్యువు పోయినవి), సగం కంట్రోల్. ఒకే తల్లి కడుపున, ఒకే కేజ్‌లో పెరిగిన తోబుట్టువులు కంట్రోల్‌గా దొరకడం ఈ జత గొప్పతనం.

లెక్క వేద్దాం. 12 మగ నాకౌట్లు, 12 మగ కంట్రోళ్లు కావాలంటే ఈ చివరి జతలో సుమారు 48 పిల్లలు పుట్టాలి. ఈతకు 6 బతికితే 8 ఈతలు. గర్భం 19 నుంచి 21 రోజులు, తల్లి నుంచి వేరు చేయడానికి మరో 21 రోజులు. వయసు తేడా రాకుండా ఉండాలంటే ఒకేసారి నాలుగైదు జతలు పెట్టండి. ఆడ ఎలుకలనూ విడి గుంపుగా చూడండి. కొవ్వు పెరిగే తీరు ఆడ, మగ ఎలుకల్లో ఒకటి కాదు. ఎక్కువ కొవ్వున్న ఆహారానికి ఆడ ఎలుకలు మగవాటంత త్వరగా లావెక్కవు.

ఈ జతలో క్రీ మాత్రమే ఉండి ఫ్లాక్స్ లేని పిల్లలు పుట్టవు. అయినా అవి కావాలి. క్రీ తానే ఏమైనా చేస్తోందా అన్నది అవే చెబుతాయి. ప్రతి ప్రయోగంలో కుదరకపోతే, ముఖ్యమైన కొలతలకు ఒక్కసారైనా విడిగా పెట్టండి.

8. జీనోటైపింగ్

ఏ పిల్లలో ఏ జన్యు కాపీలున్నాయో తేల్చడమే జీనోటైపింగ్. చెవి ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి పీసీఆర్ చేయడం తెలిసిన పనే. ఇక్కడ చేర్చాల్సింది మూడో ప్రైమర్ (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్క). మామూలు కాపీ, ఫ్లాక్స్ కాపీ, కోత పడిన కాపీ మూడూ వేర్వేరు సైజుల బ్యాండ్లుగా కనిపించేలా ప్రైమర్లు ఎంచుకోండి. చెవి ముక్కలో కోత పడిన బ్యాండ్ గట్టిగా కనిపిస్తే, వీర్యంలోనో అండంలోనో క్రీ పనిచేసిందని, ఆ ఎలుక ఒళ్లంతా జన్యువు పోయి ఉండవచ్చని అర్థం. అలాంటి ఎలుకను గుంపులోకి రానివ్వవద్దు, దాని సంతానాన్నీ జతలకు వాడవద్దు.

9. కోత నిజంగా ఎక్కడ పడిందో రుజువు చేయండి

కొత్తగా వచ్చినవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కొవ్వు ముక్క మొత్తం నూరి డీఎన్‌ఏ చూస్తే సగం జన్యువు ఇంకా అలాగే ఉన్నట్టు కనిపిస్తుంది, గుండె జారిపోతుంది. కంగారు వద్దు. కొవ్వు కణజాలంలో ఘనపరిమాణం చూస్తే 90 శాతానికి పైగా కొవ్వు కణాలే. కణాల సంఖ్య చూస్తే మాత్రం సగం కంటే తక్కువ. మిగిలినవి రక్తనాళాల కణాలు, రోగనిరోధక కణాలు, పూర్వకణాలు. వాటిలో కోత పడకూడదు కదా. అంటే కోత పూర్తయినా మొత్తం ముక్కలో సగం జన్యువు మిగిలే ఉంటుంది.

సరైన మార్గం వేరు చేసి చూడటం. కొవ్వును సన్నగా తరిగి కొలాజినేజ్ ఎంజైమ్‌తో 37 డిగ్రీల వద్ద కరిగించండి. మెల్లగా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కొవ్వు కణాలు పైకి తేలతాయి, మిగతా కణాలు అడుగున గడ్డలా చేరతాయి. తేలిన భాగంలో జన్యువు దాదాపుగా లేకపోవాలి, అడుగు భాగంలో మామూలుగా ఉండాలి. తేలినవి పెళుసు కణాలు, వెడల్పు మూతి పిప్పెట్‌తో సున్నితంగా తీయండి.

డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్ మూడూ చూడండి. ఆర్‌ఎన్‌ఏ కొలిచేటప్పుడు ప్రైమర్ తప్పకుండా తీసేసిన ఎక్సాన్ మీదే ఉండాలి. వేరే ఎక్సాన్ మీద పెడితే పొట్టి ఆర్‌ఎన్‌ఏ మిగిలి ఉండి, కోత పడలేదని తప్పుగా అనుకుంటారు. కొవ్వు నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసేటప్పుడు పైన తేలే నూనె పొరను ముందే తొలగించండి. ఇంగ్వైనల్ కొవ్వు తీసేటప్పుడు మధ్యలోని లింఫ్ గ్రంథిని కోసేయండి, లేకపోతే రోగనిరోధక జన్యువులు మీ ఫలితాల్లోకి చొరబడతాయి. ఆడ ఎలుకల్లో అదే కొవ్వులో పాలగ్రంథి కణాలూ ఉంటాయని మరవద్దు.

కొవ్వుతో ఆగవద్దు. కాలేయం, కండరం, మెదడులోని హైపోథాలమస్, గుండె, క్లోమం, మాక్రోఫేజ్‌లు, మజ్జ కూడా చూడండి. విడిగా క్రీని ఎంటీఎంజీ రిపోర్టర్ ఎలుకతో కలిపితే ఇంకా స్పష్టత వస్తుంది. అందులో క్రీ లేని కణాల పొర ఎర్రగా, క్రీ పనిచేసిన కణాల పొర ఆకుపచ్చగా మెరుస్తుంది. పొర మెరుస్తుంది కాబట్టి, కొవ్వు బొట్టుతో నిండి అంచుకు నెట్టబడిన కొవ్వు కణానికి ఇది బాగా సరిపోతుంది. ఈ పరీక్షలు పూర్తయ్యే వరకు బరువుల పట్టిక తెరవకుండా ఉండగలిగితే అంతకన్నా మంచిది లేదు.

10. ఇప్పుడు కొలవండి

ముందు గది ఉష్ణోగ్రత చూడండి. మనకు హాయిగా ఉండే 20 నుంచి 22 డిగ్రీలు చిట్టెలుకకు చలే. దానికి హాయి సుమారు 30 డిగ్రీల వద్ద. చల్లటి గదిలో గోధుమ కొవ్వు ఎప్పుడూ పనిలోనే ఉంటుంది. 1997లో యూసీపీ1 లేని ఎలుకలను తయారు చేసినప్పుడు అవి లావెక్కలేదు, అందరూ ఆశ్చర్యపోయారు. 2009లో స్టాక్‌హోమ్ బృందం అవే ఎలుకలను 30 డిగ్రీల వద్ద ఉంచితే లావెక్కాయి. వేడి పుట్టించే జన్యువు మీ అంశమైతే రెండు ఉష్ణోగ్రతల్లోనూ చూడక తప్పదు. 4 డిగ్రీల చలి పరీక్ష చేస్తే ఎలుకల శరీర ఉష్ణోగ్రతను తరచూ కొలుస్తూ ఉండండి, ముందే రాసుకున్న హద్దు దాటగానే బయటకు తీయండి. వెచ్చటి గది నుంచి నేరుగా చలిలో పెడితే వేడి పుట్టించలేని ఎలుక కొన్ని గంటల్లోనే చనిపోవచ్చు.

ఆహారం విషయంలో, 60 శాతం కేలరీలు కొవ్వు నుంచి వచ్చే ఆహారాన్ని 12 నుంచి 16 వారాలు పెట్టడం వాడుక. దానికి పోలిక రోజువారీ గింజల మేత కాదు, అదే పదార్థాలతో కొవ్వు తగ్గించి చేసిన జోడీ ఆహారం.

శరీరంలో కొవ్వు ఎంత, కండ ఎంత అన్నది ఎన్‌ఎంఆర్ యంత్రంతో బతికున్న ఎలుకలోనే కొలవవచ్చు. ఎలుక ఖర్చు చేసే శక్తిని కొలిచేటప్పుడు దాన్ని శరీర బరువుతో భాగించి చూపవద్దు. కొవ్వు తక్కువ శక్తి ఖర్చు చేసే కణజాలం కాబట్టి లావు ఎలుకలన్నీ బద్ధకస్తుల్లా కనిపిస్తాయి. బరువు ప్రభావాన్ని విడిగా లెక్కలోకి తీసుకునే అన్‌కోవా అనే గణాంక విశ్లేషణ వాడండి. గ్లూకోజ్ పరీక్షకు రాత్రంతా పస్తు పెట్టే పాత అలవాటు మానండి. ఎలుకలు తినేదే రాత్రి పూట, కాబట్టి అది వాటికి చాలా పెద్ద పస్తు. 4 నుంచి 6 గంటలు చాలు. గుంపుల మధ్య కొవ్వు తేడా బాగా ఉంటే గ్లూకోజ్ మోతాదును కండ బరువు ప్రకారం లెక్కించండి.

కణం స్థాయిలో చూడాల్సినవి మీ ప్రశ్నను బట్టి ఉంటాయి. కొవ్వు కరగడమే అంశమైతే, కొవ్వు ముక్కలను బయటికి తీసి, కొవ్వు కరగడాన్ని ప్రేరేపించే ఐసోప్రొటెరెనాల్ మందు కలిపి ఎంత గ్లిసరాల్, ఎంత కొవ్వు ఆమ్లం విడుదలైందో చూడండి. రక్తంలో లెప్టిన్, అడిపోనెక్టిన్, స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు కొలవండి. కొవ్వు తగ్గిందని కనిపించగానే సంబరపడకుండా కాలేయాన్ని తీసి తూచండి, పలుచని కోతలు రంగు వేసి చూడండి. దాచుకునే చోటు పోయిన కొవ్వు కాలేయానికి చేరుతుంది. 2016 నాటి ఎలుకలు చూపించింది అదే.

కొలిచేవారికి ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకూడదు. ఒకే కేజ్‌లో నాకౌట్, కంట్రోల్ కలిసి ఉండటం మంచిది. గణాంకాల్లో ప్రమాణం ఒక ఎలుక, ఒక ఎలుక నుంచి తీసిన మూడు కొవ్వు ముక్కలు కాదు.

11. ఫలితం వచ్చాక

తేడా కనిపించింది. ఆ తేడా మీ జన్యువుదేనా? వీలైతే తీసేసిన జన్యువును కొవ్వులో తిరిగి పెట్టి చూడండి. అడిపోనెక్టిన్ ప్రమోటర్ ఉన్న, జన్యువును మోసుకెళ్లే ఏఏవీ వైరస్‌ను కొవ్వులోకి నేరుగా ఇంజెక్ట్ చేయడం ఒక దారి. ఏఏవీలో చాలా రకాలు కాలేయాన్ని ఇష్టపడతాయి, కాబట్టి కాలేయంలో ఎంత చేరిందో తప్పక చూడాలి. రెండో దారి, వేరే క్రీతో అదే ఫ్లాక్స్‌ను కలపడం. పుట్టుక నుంచి కోసే అడిపోనెక్టిన్-క్రీతోనూ, పెద్దయ్యాక కోసే క్రీ-ఈఆర్‌తోనూ ఒకే దిశలో ఫలితం వస్తే మీ మాటకు బలం చాలా పెరుగుతుంది. వేర్వేరుగా వస్తే అది వైఫల్యం కాదు, జన్యువు పుట్టుకలో ఒక పని, పెద్దయ్యాక మరో పని చేస్తోందేమో చూడాల్సిన చోటు.

పేపర్ రాసేటప్పుడు క్రీ లైన్ పూర్తి పేరు, నిల్వ కేంద్రం నంబరు, ఉపజాతి, ఎన్ని తరాలు కలిపారు, క్రీ తల్లి వైపు నుంచి వచ్చిందా తండ్రి వైపు నుంచా, గది ఉష్ణోగ్రత, ఆహారం, కంట్రోల్ ఏది అన్నవన్నీ రాయండి. "కొవ్వు నాకౌట్ ఎలుకలు" అన్న రెండు మాటలతో ఇంకొకరు ఆ ప్రయోగాన్ని మళ్లీ చేయలేరు. జంతు ప్రయోగాల వివరాలు ఎలా రాయాలో చెప్పే, 2020లో సవరించిన అరైవ్ మార్గదర్శకాల జాబితా పక్కన పెట్టుకుని రాస్తే ఏదీ జారిపోదు.

ఇక లైన్‌ను కేజ్‌లలో ఊరికే నడుపుతూ ఉంచవద్దు. ఏళ్ల తరబడి లోపల్లోపల జత కట్టిస్తే కొత్త మార్పులు పేరుకుంటాయి, అవసరం లేని ఎలుకలు పుడుతూనే ఉంటాయి. జీనోటైప్ సరిచూసిన మగ ఎలుకల వీర్యాన్ని గడ్డకట్టించి దాచండి, దానితో పిండాలు ఏర్పడుతున్నాయో లేదో ఒకసారి పరీక్షించుకోండి, ఆ తర్వాతే కేజ్‌లు ఖాళీ చేయండి. ప్రైమర్ల వరుసలు, పీసీఆర్ ఉష్ణోగ్రతలు, మూడు బ్యాండ్లున్న జెల్ ఫొటో ఆ వీర్యం నంబరుతోనే కలిపి ల్యాబ్ రికార్డులో పెట్టండి.